రేపు ఐదింటిలోగా

సివిల్ పెట్టమంటావా అక్కా అని
నీ మెసేజ్ వచ్చేసరికి రాత్రి రెండున్నర.
నువ్వూ నిద్రపోలేదన్నమాట.
నేను పెరుంబాక్కంలో, పునాది గుంట అంచున,
బురద బూట్లతో లారీ కోసం చూస్తున్నా.
పగలు కాంక్రీటు లారీల్ని రోడ్డెక్కనివ్వరు.
చెన్నై నిద్రపోతేనే మాకు తెల్లారుతుంది.

జీతం అడిగావు. ఇరవై రెండు వేలు.
నా రూమ్మేట్ చారుమతికి అరవై, షోలింగనల్లూరులో.
మే నెలలో స్వెట్టరేసుకుని ఆఫీసుకెళ్తుంది.
నేను ముఖానికి చున్నీ చుట్టుకుని హెల్మెట్ పెడితే
వీడియో కాల్లో అమ్మ ఆగి చూసి
"ఎవరమ్మా?" అంది.
నవ్విందిలే, తర్వాత.
సైట్లో ఆడవాళ్లకి బాత్రూమ్ లేదు,
మూడు వీధులవతల పెట్రోలు బంకే గతి.
అందుకని రాత్రి పదకొండు దాటాక నీళ్లు తాగను.
ఇది కాలేజీ బ్రోచర్లో ఉండదు.

నేనేమీ ఇష్టపడి చేరలేదు.
ర్యాంకు అరవై వేలు దాటింది, కంప్యూటర్స్ రాలేదు. అంతే.
సిమెంటు సంచి యాభై కిలోలని
పుస్తకంలో నాలుగుసార్లు చదివి
ఒక్కసారి ఎత్తబోయి నమ్మాను.

లెక్కలు బాగా రావాలా అన్నావు.
వస్తే మంచిదే.
కానీ నిరుడు కార్తీకంలో మూడో లారీ వచ్చినప్పుడు
నాకు లెక్కతో పని పడలేదు.
శంకువు నింపి, కడ్డీతో పొడిచి, మెల్లగా పైకి లాగితే
ముద్ద కాస్త కుంగాలి,
అలిసిన మనిషి గోడకానుకుని కూర్చున్నట్టు.
అది చాపలా పరుచుకుపోయింది.
డ్రైవరు దారిలో నీళ్లు కలిపాడు,
పాపం, గంటన్నర ట్రాఫిక్‌లో గడ్డకట్టేస్తుందని.
వెనక్కి పంపమన్నాను.
కాంట్రాక్టరు ఫోన్లో, వచ్చీరాని తెలుగులో,
"కొత్త కదా, సర్దుకోమ్మా" అన్నాడు.
నా గొంతు వణికింది.
పెన్ను మాత్రం జేబులోంచి తియ్యలేదు.
ఆరు క్యూబిక్ మీటర్లు, గిర్రున తిరుగుతూ వెళ్లిపోయాయి.
పద్నాలుగు మంది పారలు పట్టుకుని
నన్నే చూస్తున్నారు,
వాళ్ల నిద్ర నేను తినేసినట్టు.
ఇంకో లారీ వచ్చేసరికి ఐదయింది.
ఎవరూ మెచ్చుకోలేదు.
పలాస మేస్త్రి తవిటయ్య రెండ్రోజులు మాట్లాడలేదు.
ఆ పునాది మీద మట్టి కప్పేశారు,
దాన్నిక ఎవరూ చూడరు.

తవిటయ్యనే అడిగా ఒకసారి,
నీ కొడుకుని ఈ పనిలో పెడతావా అని.
"మావోడు ఏసీలు బిగిస్తాడమ్మా.
నాను కట్టిన గోడకి కన్నమెట్టి
నాకన్నా ఎక్కువట్టుకెల్తాడు" అని
బీడీ ఆర్పి, ఒక కన్ను మూసి,
గుండు దారం మళ్లీ వేలాడదీసుకున్నాడు.

నీకేం చెప్పను ముకుందూ.
చేరు అని చెప్పలేను, వద్దనీ చెప్పలేను.
బస్సు ఫ్లైఓవరెక్కి అతుకుల మీద టకటకమంటుంటే
అందరూ ఫోన్లలో ఉంటారు,
నేను అతుకులు లెక్కపెట్టుకుంటాను.
ఎవరూ పెట్టమనలేదు.
వాన మొదలైతే ముందు గుర్తొచ్చేది
పకోడీ కాదు, పంపులో డీజిల్.
ఇది ఇష్టమో జబ్బో నాకింకా తేలలేదు.

నాయుడుపేటలో వాన అన్నావుగా.
పొద్దున్నే మేడెక్కు.
తూర్పు మూల నీళ్లు నిలిచి ఉంటాయి.
ఆ మేడ సంగతి నాకు తెలుసు,
బాబాయి తూము ఎత్తున పెట్టించాడు.
ఆ నీళ్లలో నీకు మబ్బు కనిపిస్తే
ఇంకేదైనా చదువుకో, అదేం తక్కువ కాదు.
అలా కాక, చెప్పులు విడిచి, గొంతుక్కూర్చుని,
వాలు ఎక్కడ తప్పిందా అని
అరచేత్తో నేల తడుముతూ పోతే

ఆగు, మలుపులో లైట్లు కనిపిస్తున్నాయి.
శంకువు ఇంకా కడగలేదు నేను.
ఐదింటిలోగా అన్నావు కదా, కాసేపు పడుకో.
ఎండొస్తే ఆ మూల తొమ్మిదికల్లా ఆరిపోతుంది.
ఈలోపే వెళ్లి చూడు.